వద్దన్న రక్తం

పుష్పలతకు ఫోన్ వచ్చేసరికి అంగన్‌వాడీ పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. ఆయా రాలేదు. పది గంటలకు సూపర్‌వైజర్ మేడం వస్తానని ముందు రోజే కబురు పెట్టింది. మూలన ఇద్దరు పిల్లలు ఒకే చాప కోసం కొట్టుకుంటున్నారు. ఫోన్ మీద అనిల్‌కుమార్ పేరు చూడగానే ఆమెకు సంగతి తెలిసిపోయింది. అతను భద్రాచలం పెద్ద దవాఖానాలో రక్తం తీసే ల్యాబు మనిషి. బాగున్నారా అని అడగడానికి ఎప్పుడూ ఫోన్ చేయడు. చేశాడంటే ఎవరికో ఓ నెగెటివ్ రక్తం కావాలి, అది ఫ్రిజ్‌లో లేదు, అతని లిస్టులో ఆమె పేరు పైన ఉంది.

కాన్పైన ఆడమనిషి, రక్తం ఆగడం లేదన్నాడు. ఉన్న ఒక్క ప్యాకెట్టూ ఎక్కించేశారట. కొత్తగూడెం నుంచి ఇంకోటి బయలుదేరిందట గానీ అది చాలదట. ఏప్రిల్‌లో ఇచ్చారు కదా అక్కా, నాలుగు నెలలు నిండాయి, చూసుకునే చేస్తున్నాను, అని కూడా అన్నాడు.

నిండి మూడు రోజులే అయింది. ఆ సంగతి పుష్పలతకూ తెలుసు. వస్తున్నానని చెప్పి ఫోన్ పెట్టేసి, గరిటెను గిన్నె అంచు మీద ఠప్పున కొట్టింది. పిల్లలిద్దరూ చాప వదిలేసి ఆమె వైపు చూశారు.

ఆమెది ఆ రక్తమని తన కొడుకు కాన్పప్పుడు బయటపడింది. ఆమె భర్త చిరంజీవి పాస్టరు. తల్లాడ దగ్గర నుంచి వచ్చి, పినపాక దాటాక అడవి అంచున ఉన్న ఆ గూడెంలో పన్నెండేళ్లుగా రేకుల ప్రార్థన మందిరం నడుపుతున్నాడు. భార్య రక్తం అరుదైనదని తెలిసిన వారంలోనే సంతోషంగా దవాఖానాకు వెళ్లి ఆమె పేరు రాయించి వచ్చాడు. తన పేరూ రాయించుకున్నాడు. ఆయనది బి పాజిటివ్. అది ఎక్కడబడితే అక్కడ దొరుకుతుంది కాబట్టి ఆయన్ను ఇంతవరకూ ఎవరూ పిలవలేదు. ఆమె మాత్రం పదకొండుసార్లు వెళ్లింది. వెళ్లిన ప్రతిసారీ మోచేతి దగ్గర వారం రోజులు నల్లగా కమిలిపోయి ఉంటుంది. బిందె ఎత్తితే కళ్లు తిరుగుతాయి. ఆదివారం ఆయన గొంతెత్తి క్రీస్తు రక్తం గురించి ప్రసంగిస్తుంటే, ముందు వరసలో కూర్చుని, ఈ మాట ఈయన నోట్లోంచి ఎంత తేలిగ్గా వస్తోందో అనుకుంటుంది.

చిరంజీవి ఇంట్లోనే ఉన్నాడు. పిలిచి గరిటె చేతిలో పెట్టి, పప్పులో ఉప్పు వేయలేదని, మేడం వస్తే ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పమని, పిల్లల్ని వాన నీళ్లలోకి పోనివ్వొద్దని ఒక్క ఊపిరిలో చెప్పింది. ఆయన ముఖం వెలిగింది.

"దేవుడు నిన్ను వాడుకుంటున్నాడు పుష్పా."

"వాడుకునుడే గానీ, అడిగేది లేదు," అని ఆమె గొడుగు తీసుకుని రోడ్డెక్కింది.

మణుగూరు దాకా ఆటో. ముగ్గురెక్కాల్సిన దాంట్లో ఎనిమిది మంది. ఆమె ఒడిలో ఎవరిదో కోడి. మణుగూరులో భద్రాచలం బస్సు కదలడానికి అరగంట పట్టింది. గోదావరి పెరుగుతోందని, దారిలో ఒకచోట రోడ్డు మీదికి నీళ్లొచ్చాయని కండక్టరు చెప్పాడు. అయినా బస్సు కదిలింది. సారపాక దాటగానే లారీలు వరసగా ఆగిపోయి ఉన్నాయి. వంతెన మొదట్లోనే బస్సు కూడా ఆగింది. ఇంక ఎప్పుడు కదులుతుందో తెలియదన్నాడు డ్రైవరు. అప్పటికి అనిల్‌కుమార్ రెండుసార్లు ఫోన్ చేశాడు. పుష్పలత బస్సు దిగి వంతెన మీద నడక మొదలుపెట్టింది.

కింద గోదావరి ఎర్రగా, దుంగల్ని మోసుకుంటూ పోతోంది. గాలికి గొడుగు తిరగబడింది. ముడిచి చంకలో పెట్టుకుంది. ఇంత వానలో ఎవరికో ఏదో ఇవ్వడానికి ఇట్లా పరుగెత్తుతున్నది లోకంలో తనొక్కతేనేమో అనిపించింది. మరి ఎందుకు పోతున్నట్టు? పోకపోతే ఏమవుతుంది? ఆ ప్రశ్న ఆమె ప్రతిసారీ వేసుకునేదే. జవాబు రాదు. కాళ్లు మాత్రం ఆగవు. దాంతో ఆమెకు తన మీద తనకే చిరాకు వేస్తుంది.

దవాఖానాకు చేరేసరికి చీర మోకాళ్ల దాకా తడిసిపోయింది. అనిల్‌కుమార్ తువ్వాలు ఇచ్చి, కూర్చోబెట్టి, రక్తం సరిపడా ఉందో లేదో చూడడానికి వేలికి సూది గుచ్చాడు. తక్కువుందని తేలితే బాగుండునని పుష్పలత మనసులో అనుకుంది. నిజానికి ఆ క్షణంలో అదొక ప్రార్థన. పన్నెండు పాయింట్ ఏడు ఉందక్కా, బ్రహ్మాండం, అన్నాడు అనిల్‌కుమార్. దేవుడు ఆ ప్రార్థన వినలేదు.

ఎవరికని ఆమె అడగలేదు. ఎప్పుడూ అడగదు. ఈసారి అడగాల్సిన అవసరమూ రాలేదు. కాగితాలు పట్టుకుని గది గుమ్మంలోకి వచ్చిన మనిషి గోపాలు.

గోపాలు వాళ్ల గూడెం మనిషే. ప్రార్థన మందిరం నుంచి చూస్తే అతని ఇల్లు కనిపిస్తుంది. పోయిన ఏడు వాళ్ల నాయన చనిపోయినప్పుడు, అప్పటికే మందిరానికి రావడం మొదలుపెట్టిన తమ్ముడు నాగరాజు కర్మలో చేయి కలపలేదు. దూరంగా చెట్టు కింద నిలబడి చూశాడు. వేల్పుల ముందు చేయాల్సినవన్నీ గోపాలు ఒక్కడే చేశాడు. అప్పటి నుంచి పాస్టరు ఇంటి మీద గోపాలుకు పీకల దాకా కోపం. కొత్త పంటను వేల్పులకు పెట్టే కొత్తల పండుగ రోజున మందిరం మైకు వైరు కోసేశాడు. తహసీల్దారుకు అర్జీ పెట్టాడు. పాస్టరు భార్య దగ్గరికి చిన్నపిల్లల్ని పంపొద్దని గూడెమంతా తిరిగి చెప్పాడు. ఆ మాట మీద విచారణ కూడా జరిగింది. పుష్పలత రెండుసార్లు మండల ఆఫీసుకు వెళ్లి సంజాయిషీ రాసి ఇచ్చుకుంది. అంత జరిగినా అతని భార్య కళావతి కడుపుతో ఉన్నన్నాళ్లూ ఆమెకు రావాల్సిన గుడ్లూ పాలూ నెలనెలా గోపాలు తల్లి ఆదెమ్మ చేతికి ఇచ్చి పంపుతూనే ఉంది. ఆదెమ్మ వచ్చి తీసుకుని, ఒక్క మాట మాట్లాడకుండా వెళ్లిపోయేది.

ఇప్పుడు లోపల ఉన్నది ఆ కళావతే.

గోపాలు పుష్పలతను చూశాడు. కుర్చీ మీద మడిచి పెట్టిన ఆమె చేతినీ, పక్కనున్న ఖాళీ రక్తపు సంచినీ చూశాడు. ముఖం తిప్పుకుని అనిల్‌కుమార్‌తో అన్నాడు.

"ఈమె రక్తం వద్దు."

అనిల్‌కుమార్‌కు అర్థం కాలేదు. మళ్లీ అడిగాడు. వద్దనే అన్నాడు గోపాలు. ఇంకెవరిదైనా తెమ్మన్నాడు. ఇంకెవరూ లేరని, వానకు కొత్తగూడెం వాహనం దారిలో ఆగిపోయిందని అనిల్‌కుమార్ చెప్పాడు. లోపలి నుంచి డాక్టరమ్మ వచ్చి, సంతకం పెట్టకుండా ఏం నాన్చుతున్నావని కసిరి, మళ్లీ లోపలికి పోయింది. అయినా గోపాలు కదల్లేదు.

"తమ్ముడు మీ దిక్కు పోయిండు. ఇప్పుడు నా పెండ్లాం ఒంట్లకు గూడ మీరే వస్తరా?" అన్నాడు, ఈసారి పుష్పలతతో. "ఇయ్యాల రక్తమిస్తరు. రేపు మా వాకిట్లకొచ్చి ప్రార్థనకు రమ్మంటరు. అప్పుడు మేం ఎట్ల కాదంటం టీచరమ్మా? ఏ మొఖంతోని కాదంటం?"

పుష్పలత లేచి నిలబడింది. సరే, నీ ఇష్టం అనబోయింది. ఆటోలో కోడి, వంతెన మీద వాన, పొయ్యి మీద పప్పు, మండల ఆఫీసులో రాసి ఇచ్చిన సంజాయిషీలు, అన్నీ ఒకేసారి గొంతులోకి వచ్చాయి. గొడుగు అందుకుని వరండాలోకి నాలుగడుగులు వేసింది కూడా. వెళ్లిపోతే ఎవరూ తప్పు పట్టరు. ఇవ్వనని అన్నది తను కాదు కదా.

వరండాలో గోడకు ఆనుకుని ఆదెమ్మ నేల మీద కూర్చుని ఉంది. ఒడిలో పాత చీర పేలికల్లో చుట్టిన బిడ్డ. కళ్లు తెరవకుండానే పిడికిలి చీకుతోంది. పాలు రాక కాదు, తాగించే తల్లి మెలకువలో లేక.

పుష్పలత వెనక్కి తిరిగింది. గోపాలు ముందు నిలబడి మాట్లాడడం మొదలుపెడితే తన గొంతు వణుకుతోందని ఆమెకు తెలిసింది. అది జాలి కాదు. ఒళ్లు మండిపోతోంది.

"పదకొండుసార్లు ఇచ్చిన గోపాలూ. ఎవరికిచ్చిన్నో వాళ్ల పేర్లు గూడ నాకు తెల్వవు. ఒక్కరు గూడ మా ప్రార్థనకు రాలె. నిన్నూ రమ్మనను. నువ్వు మా వైరు కోసుకో, అర్జీలు పెట్టుకో, రేపు నాతో మాట్లాడకు. ఇది మాత్రం తీసుకో. నీ కాళ్లు పట్టుకోమంటవా? తీసుకోరాదయ్యా."

అంటూనే ఆమెకు సిగ్గేసింది. ఇచ్చేది తను, బతిమిలాడేది తను. ఇన్నేళ్లలో ఎవరి దగ్గరా ఏదీ ఇమ్మని కూడా ఇట్లా అడగలేదు. తీసుకోమని అడగడం ఇంత కష్టమని అనుకోలేదు.

గోపాలు కన్నా ముందు ఆదెమ్మ మాట్లాడింది. బిడ్డతోనే లేచి గుమ్మం దాకా వచ్చి నిలబడి ఉంది.

"దీనికి బదులు ఏం కోరుతవ్ బిడ్డా?"

"ఏం వద్దవ్వా."

"ఊకె ఎవరిస్తరు? ఏదో ఒకటి కోరు. కోరితెనే మావాడు తీసుకుంటడు."

పుష్పలతకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. పొద్దుటి నుంచి తను ఏమీ తినలేదన్న సంగతి అప్పుడే గుర్తుకొచ్చింది.

"ఆకలైతుంది. ఛాయ్ తాపించున్రి. రెండు బన్నులు," అంది.

ఆదెమ్మ కొడుకు వైపు తిరిగి, ఆ పిల్ల అడిగింది విన్నవు గదా, కాయితం మీద సంతకం పెట్టి పోయి ఛాయ్ తెమ్మంది. గోపాలు కాగితం గోడకు ఆనించి సంతకం పెట్టి, ఎవరి వైపూ చూడకుండా వానలోకి వెళ్లిపోయాడు.

సూది ఎప్పటిలాగే లావుగా ఉంది. అనిల్‌కుమార్ ఆమె చేతిలో మెత్తటి బంతి పెట్టి పిసుకుతూ ఉండమన్నాడు. సంచి నిండగానే తీసుకుని, పరీక్షలు చేయాలంటూ పరుగెత్తాడు. పుష్పలత మంచం మీద పడుకుని పైకప్పు చూస్తోంది. ఆదెమ్మ ఛాయ్ గ్లాసూ పొట్లమూ తెచ్చి స్టూలు మీద పెట్టి, తను కింద కూర్చుంది. గోపాలు లోపలికి రాలేదు.

ఆదెమ్మ బిడ్డ ముఖం మీది గుడ్డ సర్దింది. తర్వాత, మా నాగరాజు ఒక ముచ్చట చెప్పిండు, అది నిజమేనా, అని అడిగింది.

"మేం తప్పు జేస్తే వేల్పుకు కోడినిస్తం, మేకనిస్తం. తప్పు మాది, ఇచ్చేదీ మేమే. మీదాంట్ల తప్పు మీరు జేస్తిరంట. ఇచ్చిందేమో ఆయనంట. కోడి గాదు, మేక గాదు, సొంత కొడుకునే ఇచ్చిండంట. గదెట్ల బిడ్డా? ఆయనకేం కావాలె మీతోని?"

పుష్పలత దగ్గర జవాబులున్నాయి. సండే స్కూల్లో చిన్నపిల్లలకు నేర్పేవి, భర్త ప్రసంగాల్లో ఏటా వినేవి, కనీసం అయిదారు. నోరు తెరిచింది. చేతికి ప్లాస్టరు, కడుపులో ఆకలి, తడిసిన చీర. వాటిలో ఒక్క జవాబూ నాలుక మీదికి రాలేదు.

"నాకు తెల్వదవ్వా. పెండ్లయిన కాడి నుంచి వింటున్న. నిజంగా తెల్వదు."

ఆదెమ్మ ఆ జవాబుకు ఆశ్చర్యపోలేదు. తల ఊపింది.

"వద్దన్నోళ్లకు గూడ ఇచ్చిండా?"

"అవ్. వద్దన్నోళ్లకే ముందుగాల."

ఆదెమ్మ బిడ్డను ఒడిలో సర్దుకుంది.

"అట్లయితే ఆయనకు శానా కోపమొచ్చి ఉంటది," అంది. "ఇందాక నీకొచ్చె సూడు, వణుక్కుంట. గట్ల."

ఛాయ్ గ్లాసు పుష్పలత నోటి దగ్గర ఆగిపోయింది. ఇన్నేళ్లలో ఇన్ని ప్రసంగాల్లో ఆ మాట ఎవరూ అనలేదు. సిలువ మీది ఆయన్ను ఎప్పుడు తలుచుకున్నా ఆమెకు నెమ్మదైన ముఖమే కనిపించేది, మందిరం గోడ మీది క్యాలెండరులో ఉన్నట్టు. ఆ ముఖం చూసి తన విసుగుకు తనే తప్పు పడేది. మంచి మనసుతో ఇవ్వలేకపోతున్నానని, ఇచ్చినా అది లెక్కలోకి రాదేమోనని అనుకునేది. వద్దు పొమ్మన్నవాళ్ల ముందు నిలబడి, ఒళ్లు మండుతూనే, తీసుకోండని బతిమిలాడడం ఎట్లా ఉంటుందో ఇవాళే తెలిసింది. ఆయనకు అది రోజూ ఉన్నదేనా? ఉంటే ఎట్లా ఓర్చుకుంటున్నాడు? అర్థం కావడం అటుంచి, ఆ సంగతి ఇంతకు ముందుకన్నా ఇంకా పెద్దదైపోయింది. ఆమె బన్ను ఛాయ్‌లో ముంచి తింది. రెండోది ఆదెమ్మకు ఇచ్చింది.

మూడు గంటలకు కళావతికి రక్తం ఎక్కించారు. అయిదు దాటాక రక్తస్రావం తగ్గిందని, గండం గడిచినట్టేనని డాక్టరమ్మ చెప్పింది. ఆ మాట విన్నాకే పుష్పలత బయలుదేరింది. మెట్ల దగ్గర గోపాలు బీడీ తాగుతూ నిలబడి ఉన్నాడు. ఆమెను చూసి బీడీ కింద పడేశాడు. ఏదో అంటాడేమోనని ఆమె ఒక్క క్షణం ఆగింది. సారపాక దాకా లారీలు కదిలినయంట అని మాత్రం చెప్పాడు.

ఇంటికి వెళ్లేసరికి చిరంజీవి వాకిట్లోనే ఎదురొచ్చాడు. పప్పులో ఉప్పు రెండుసార్లు పడిందట. సూపర్‌వైజర్ మేడం ఆ పప్పే రుచి చూసి, అనుమతి లేకుండా సెంటరు వదిలి వెళ్లినందుకు మెమో రాసిపెట్టి వెళ్లిందట. పుష్పలత ఆ కాగితం చదివి, మడిచి, జాకెట్టులో పెట్టుకుని, జరిగిందంతా చెప్పింది. చెబుతుంటే ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆదివారం సంఘం ముందు ఈ సాక్ష్యం చెప్పాల్సిందేనన్నాడు. మందిరాన్ని ద్వేషించిన మనిషి ఇంటికే మన రక్తం వెళ్లిందంటే ఎంత మంది హృదయాలు కరుగుతాయోనన్నాడు.

"చెప్పొద్దు," అంది పుష్పలత.

"మన గొప్ప కోసం కాదు పుష్పా. దేవుని మహిమ కోసం."

"ఏ మొఖంతోని కాదంటం అని అడిగిండు ఆ మనిషి. మీరు మైకుల చెప్తే ఆయన భయపడ్డదే నిజమైతది. రమ్మనను అని మాటిచ్చిన. చెప్తే నేను మందిరంల అడుగు పెట్ట."

ఆయన నొచ్చుకున్నాడు. ఆమె పట్టించుకోకుండా ఆదెమ్మ అడిగిన ప్రశ్న ఆయన ముందు పెట్టింది. ఆయనకేం కావాలి మనతో? చిరంజీవి వెంటనే అందుకున్నాడు. ఈ వాక్యం, ఆ వాక్యం, పాత నిబంధనలో ఇలా ఉంది, కొత్త నిబంధనలో అలా ఉంది. ఆమె తల తుడుచుకుంటూ అన్నీ వింది. దేవునికి కోపం కూడా వచ్చి ఉంటుందని ఆదెమ్మ అన్నదని చెబితే, కోపం కాదు, అది ప్రేమ, అని సరిదిద్దాడు.

"రెండూ ఉండరాదా?" అంది ఆమె. "రెండు ఉండి గూడ ఇయ్యరాదా?"

చిరంజీవి లేచి వెళ్లి పొయ్యి మీద నీళ్లు పెట్టాడు. ఆ ఆదివారం ప్రసంగం మధ్యలో, ఈ వారం మన గూడెంలో, అని మొదలుపెట్టి ముందు వరస వైపు చూశాడు. మాట మింగేసి వానల గురించి మాట్లాడాడు.

నెలన్నర తర్వాత కళావతి బిడ్డను తూకం వేయించడానికి మొదటిసారి తనే అంగన్‌వాడీకి వచ్చింది. దవాఖానాలో ఆ రోజంతా ఆమెకు ఒంటి మీద స్పృహ లేదు. రక్తం ఫ్రిజ్‌లోంచి తీసి ఎక్కించారని ఇంట్లో చెప్పారని ఆమె మాటల్లోనే తెలిసింది. పుష్పలత బిడ్డను తూకంలో పడుకోబెట్టింది. నాలుగు కిలోలకు కొంచెం పైన. బాగుంది.

పాల ప్యాకెట్లు ఇంకా రాలేదని, వచ్చే వారం వస్తాయని పుష్పలత చెప్పగానే కళావతి అందుకుంది. పోయిన నెలా ఇదే మాట అన్నారని, బాలింతకు పాలు ఇప్పుడు కాక ఇంకెప్పుడు ఇస్తారని, మా అత్త నోరులేనిది కాబట్టి ఏదిస్తే అది పట్టుకొచ్చిందని, తను అట్లా ఊరుకోనని, అవసరమైతే మండలం దాకా పోతానని నిలదీసింది. చెంపలు ఎర్రబడ్డాయి. మెడ మీద నరం పొంగింది. గొంతు వీధి చివరి దాకా వినిపిస్తోంది.

పాలు పంపేది తను కాదని చెప్పబోయి పుష్పలత ఆగిపోయింది. ఒళ్లు మండింది. ఆ ఎర్రబడిన చెంపల నుంచి చూపు మాత్రం తిప్పుకోలేకపోయింది.

"కూసో కళావతీ. నిలబడి అంత గట్టిగ ఒర్లకు, పచ్చి బాలింతవు," అని పీట ముందుకు జరిపింది.

కళావతి కూర్చుంది. కూర్చుని కూడా తిట్టడం ఆపలేదు. పుష్పలత రిజిస్టరు తీసి, బిడ్డకు ఏం పేరు పెట్టారని అడిగింది.